ముందు కాపాడాల్సింది ఆయిల్‌ని

ట్రాక్ మీద నడపడానికి బండి సిద్ధం చేసుకునేవాళ్ళలో ఒక నమ్మకం బాగా పాతుకుపోయింది. పడినప్పుడు కాపాడే సామాను ఎంత లావుగా, ఎంత గట్టిగా ఉంటే బండి అంత భద్రమని. నాచారం, మల్లాపూర్, ఉప్పల్, చర్లపల్లి పారిశ్రామిక వాడలు పక్కపక్కనే ఉన్న తూర్పు హైదరాబాద్‌లో ఈ నమ్మకానికి బలం ఇంకా ఎక్కువ. అనుకున్న సామానును అనుకున్నట్టు చేయించుకునే వీలు ఇక్కడ ఉంది మరి. పైపు వంచి వెల్డింగ్ చేసేవాళ్ళూ, సీఎన్‌సీ మీద అల్యూమినియం కడ్డీని అద్దంలా తిప్పి ఇచ్చేవాళ్ళూ పక్కపక్క వీధుల్లో దొరుకుతారు. కావలసిన గ్రేడు బోల్టు రాణీగంజ్‌లో దొరుకుతుంది. దాంతో రోడ్డు బండికి వేయించే ఇనుప క్రాష్ గార్డు ఆలోచనే ట్రాక్ బండికీ ఎక్కుతోంది. గార్డు వద్దనుకున్నవాళ్ళు దాని బదులు అరచేయంత పొడవున బయటికి పొడుచుకొచ్చే లోహపు స్లైడర్ బిగించుకుని నిశ్చింతగా ఉంటున్నారు. ఈ నమ్మకం తప్పని నా వాదన. అది బండిని కాపాడకపోగా కొన్నిసార్లు పాడుచేస్తుంది. అంతకన్నా పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. అందరి చూపునూ ఫెయిరింగు గీతల మీదా ట్యాంకు సొట్టల మీదా నిలిపి, నిజంగా కాపాడవలసినదాన్ని ఖాళీగా వదిలేయిస్తుంది. ఆ ఖాళీకి మూల్యం చెల్లించేది తరచుగా ఆ బండి యజమాని కూడా కాదు, అతని వెనక వస్తున్న మనిషి.

ఈ నమ్మకం ఎక్కడినుంచి వచ్చిందో తెలియనిది కాదు. రోడ్డు మీద బండి పడేది ఎక్కువగా నిలబడి ఉన్నప్పుడో, నడక వేగంలోనో. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర ఆగిన బండిని ఆటో తగిలితే, వానలో మట్టి మీద చక్రం జారితే, స్టాండు సరిగ్గా పడక బండి ఒరిగిపోతే ఇనుప గార్డు నిజంగానే పనికొస్తుంది. బండి బరువును తాను మోస్తుంది, కింద పడిన కాలికి కొంత చోటు మిగులుస్తుంది. ఆ పనికి దాన్ని వాడేవాళ్ళతో నాకు పేచీ లేదు. ఒక స్థితిలో పనికొచ్చిన వస్తువు దానికి పూర్తిగా భిన్నమైన స్థితిలోనూ పనికొస్తుందని అనుకోవడం దగ్గరే పేచీ. ఆగిన బండి పడినప్పుడు నేల నుంచి వచ్చేది నిలువు దెబ్బ. ట్రాక్ మీద పడిన బండి నేల మీద పరుగెడుతూ ఉంటుంది. మొదటిదానికి కావలసింది బరువు మోసే గట్టిదనం, రెండోదానికి కావలసింది ఎక్కడా పట్టుకోకుండా జారే గుణం. ఈ రెండూ ఒకే వస్తువులో ఇమడవు.

లెక్క వేసి చూద్దాం. 170 కిలోల బండి గంటకు 100 కిలోమీటర్ల వేగంతో మలుపులో జారి పక్కకు పడిందనుకుందాం. మనిషి అప్పటికే విడిపోయాడు. ఆ క్షణంలో బండి చలనశక్తి సుమారు 65 వేల జౌళ్ళు. నేలతో రాపిడి గుణకం 0.4 అనుకుంటే ఆ శక్తి ఖర్చయ్యేసరికి బండి దాదాపు 100 మీటర్లు జారుతుంది. అంత దూరమూ దాన్ని వెనక్కి లాగే బలం 70 కిలోల బరువుకు మించదు. ఇప్పుడు అదే బండి పక్కనుంచి పొడుచుకొచ్చిన లోహపు ముక్క ట్రాక్ అంచున మట్టిలోనో కంకరలోనో దిగబడి, బండిని అర మీటరులో ఆపాల్సి వచ్చిందనుకుందాం. సగటు బలం 13 టన్నులు దాటుతుంది. ఏ మోటార్‌సైకిల్ ఫ్రేమూ పక్కనుంచి ఒకే చోట అంత బలం మోయడానికి కట్టింది కాదు. నిజానికి బండి అక్కడ ఆగదు కూడా. దిగబడిన ముక్కను ఇరుసుగా చేసుకుని గాల్లోకి లేచి పల్టీ కొడుతుంది. పక్కకు జారి మట్టిలో ఆగితే ఒక వైపు గీతలతో పోయేది, పల్టీ కొడితే ట్యాంకు, హ్యాండిల్, సబ్‌ఫ్రేమ్, రేడియేటర్, మీటరు అన్నీ పోతాయి. దగ్గర్లో పడి ఉన్న మనిషి మీదికి ఆ బండి రావచ్చు. కాబట్టి పడిన తర్వాత బండి జారినంత సేపూ దాన్ని జారనివ్వడమే రక్షణ సామాను చేయవలసిన పని. దాన్ని ఆపే ప్రతి అంచూ, ప్రతి మూలా, ప్రతి పొడుపూ ఆ పనికి అడ్డమే.

పడటానికి ముందు సంగతి కూడా ఉంది. ట్రాక్ మీద మామూలు రైడర్లు కూడా మలుపులో 45 డిగ్రీల దాకా వాలుస్తారు. బండి మధ్యగీత నుంచి 40 సెంటీమీటర్లు బయటికి, నేల నుంచి 35 సెంటీమీటర్ల ఎత్తులో అంచు ఉన్న ఇనుప గార్డు సుమారు 41 డిగ్రీల వాలులోనే నేలను తాకుతుంది. మలుపు ఒత్తిడికి సస్పెన్షన్ కుంగితే ఇంకా ముందే. ఫుట్‌పెగ్ తాకితే మడుచుకుంటుంది. గార్డుకు మడుచుకోవడం తెలియదు. నేలను తాకిన గార్డు మీద బండి బరువు కొంత పడగానే టైరు మీద ఆ మేరకు బరువు తగ్గుతుంది, పట్టు పోతుంది, బండి పడుతుంది. పడినప్పుడు కాపాడుతుందని బిగించిన వస్తువే పడటానికి కారణమైతే దాన్ని రక్షణ సామాను అనలేం. మోటోజీపీ బండిని ఎటునుంచి చూసినా ఫెయిరింగు పక్కలనుంచి పొడుచుకొచ్చిన ఇనుప గార్డు గానీ లోహపు స్లైడర్ గానీ కనిపించకపోవడానికి ఇదొక కారణం.

గట్టిదనం మీద నమ్మకం ఎక్కువగా చెడగొట్టేది బోల్టు దగ్గర. చాలా బండ్లలో ఫ్రేమ్ స్లైడర్ బిగించే బోల్టు, ఇంజిన్‌ని ఫ్రేముకు పట్టి ఉంచే బోల్టు ఒకటే. అసలు బోల్టు తీసి, పొడవైనది వేసి, దాని తలకు స్లైడర్ తగిలిస్తారు. దుకాణంలో దొరికే మామూలు 8.8 గ్రేడు పది మిల్లీమీటర్ల బోల్టు సుమారు నాలుగున్నర టన్నుల లాగుడుకు తెగుతుంది. 12.9 గ్రేడు అలెన్ బోల్టు ఏడు టన్నుల దాకా నిలుస్తుంది. రెండోదే మేలని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ దెబ్బ తగిలినప్పుడు ఏదో ఒకటి లొంగక తప్పదు. బోల్టు లొంగనంటే ఆ దెబ్బ వెళ్ళేది అది దిగిన అల్యూమినియం పోతలోకి, అంటే ఇంజిన్ కేసు చెవిలోకో ఫ్రేము లగ్గులోకో. ఫ్యూజు తీగ మాటిమాటికీ కాలిపోతోందని లావు రాగి తీగ చుట్టిన ఇంట్లో తర్వాత కాలేది గోడలోపలి వైరింగే. బోల్టు తెగితే కొత్తది వేసుకోవచ్చు, ఇంజిన్ కేసు చెవి పగిలితే ఇంజిన్ దింపాలి. పొడవు సంగతీ అంతే. స్లైడర్ ఎంత పొడవైతే చివర తగిలిన దెబ్బ బోల్టును వంచే బలం అంత ఎక్కువ. పొడవు రెట్టింపైతే వంపు బలమూ రెట్టింపు. అందుకే ట్రాక్‌కు పనికొచ్చే స్లైడర్ పొట్టిగా ఉంటుంది, గుండ్రంగా ఉంటుంది, అరిగిపోయే ప్లాస్టిక్‌తో ఉంటుంది, బోల్టు తల లోతుగా లోపలికి దిగి ఉంటుంది. హెచ్‌డీపీఈ, నైలాన్, అసిటల్ రకాలు ఈ పనికి వాడతారు. హెచ్‌డీపీఈ మెత్తగా అరుగుతుంది, తొందరగా పగలదు. అసిటల్ గట్టిది, కొలత చక్కగా నిలుపుతుంది కానీ గట్టి దెబ్బకు పగలవచ్చు. వీటిలో ఏదీ ఇనుములా నిప్పురవ్వలు రాల్చదు. ట్యాంకు మూత దగ్గర పెట్రోలు చెమ్మ ఉన్నప్పుడు తారు మీద ఉక్కు రాపిడి నిప్పురవ్వలు ఏం చేయగలవో వివరించనవసరం లేదు.

ఇంతవరకూ చెప్పింది బండి క్షేమం గురించి. అసలు విషయం ఆయిల్. దాదాపు ప్రతి బండికీ ఇంజిన్ రెండు పక్కలా కవర్లు బయటికి ఉబ్బి ఉంటాయి. సాధారణంగా ఎడమవైపు ఆల్టర్నేటర్, కుడివైపు క్లచ్. చాలా బండ్లలో వాటి లోపలి గోడకు ఆయిల్ తగులుతూ ఉంటుంది. కవరు మందం కొద్ది మిల్లీమీటర్ల అల్యూమినియం పోత. బండి పక్కకు పడి జారినప్పుడు హ్యాండిల్ చివర, ఫుట్‌పెగ్ తర్వాత నేలను తాకేది ఈ ఉబ్బులే. గరుకు తారు మీద జారుతుంటే ఆ పోత అరిగి చిల్లు పడుతుంది, రాయి తగిలితే పగులుతుంది. చిన్న బండి ఇంజిన్‌లో ఒకటిన్నర లీటర్ల ఆయిల్ ఉన్నా చాలు, జారిన దారి పొడవునా చార గీయడానికి. ఒరిగితే ఇంజిన్ ఆపేసే సెన్సర్ ఉన్న బండ్లలోనూ కేసులో ఉన్నది కారకుండా ఆగదు. ఆ చార పడేది తరచుగా మలుపులోనే, అందరూ బండి వాల్చే గీత మీదే. వెనక వస్తున్న రైడరుకు అది కనిపించేసరికి ముందు టైరు దాని మీద ఉంటుంది. మార్షల్ పసుపు మీద ఎర్ర చారల జెండా చూపడానికి కూడా ముందు అతనికి ఆ ఆయిల్ కనిపించాలి కదా. పడిన మొదటివాడు తన తప్పుకు పడ్డాడు, అది అతను ఒప్పుకుని వచ్చిన ప్రమాదం. రెండోవాడు ఏ తప్పూ చేయలేదు. అతన్ని కాపాడగలిగేది మొదటివాడి బండి ఇంజిన్ ఉబ్బుల మీద అదనంగా బిగించి ఉండాల్సిన ఒక రక్షణ కవరు మాత్రమే. ట్రాక్ రక్షణ సామాను ఎంపికలో నేను అన్నిటికంటే ముందు ఇంజిన్ కవర్ల మాట ఎత్తేది ఈ రెండోవాడి కోసం. మన దగ్గర చాలామంది బేరం మొదలుపెట్టేది ఫ్రేమ్ స్లైడర్‌తో, ముగించేదీ దానితోనే.

ఇది నా ఒక్కడి ఇష్టం అనుకునేవాళ్ళు రేసింగ్ నియమాలు చూడాలి. షోరూములో అమ్మే బండ్లతో జరిగే ప్రపంచ సూపర్‌బైక్ పోటీల నియమాల్లో రైడర్ ఫెయిరింగు గీతలను కాపాడమనే షరతు లేదు. పడినప్పుడు నేలను తాకే అవకాశమున్న, ఆయిల్ ఉన్న ఇంజిన్ కవర్లన్నిటికీ పైన రెండో కవరు ఉండాలని ఉంది. ఫెయిరింగు కింది భాగం తొట్టిలా ఉండి, ఇంజిన్ పగిలితే అందులోని ఆయిల్, నీళ్ళలో కనీసం సగం పట్టి ఉంచాలని ఉంది. డ్రెయిన్ బోల్టును, ఆయిల్ మూతను తీగతో (లాక్‌వైరుతో) కట్టి బిగించాలని ఉంది. రేడియేటర్‌లో గ్లైకాల్ కూలెంట్ పోయకూడదని ఉంది, ఎందుకంటే అది నేల మీద పడితే ఆయిల్‌లాగే జారుతుంది, నీళ్ళయితే ఆరిపోతాయి. ఫుట్‌పెగ్ చివరలు, హ్యాండిల్ చివరలు గుండ్రంగా ఉండాలని ఉంది. దశాబ్దాలుగా పడిన బండ్లను చూసి చూసి రాసుకున్న నియమాలివి. వరసగా చదివితే వాటి దృష్టి ఎటుందో స్పష్టంగా తెలుస్తుంది. తారు మీద ఏదీ కారకూడదు, నేలలో ఏదీ దిగబడకూడదు, పక్క మనిషికి ఏదీ గుచ్చుకోకూడదు. ఆ నియమాలు రెండో కవరుకు ఉక్కు, అల్యూమినియం పలకలనూ ఒప్పుకుంటాయి కదా అని ఎదురు ప్రశ్న రావచ్చు. ఒప్పుకుంటాయి. కానీ అవి ఇంజిన్ ఒంటికి అతుక్కుని ఉండే పలకలు, దెబ్బనూ రాపిడినీ తట్టుకునే రెండో చర్మం. బయటికి చేయి చాచిన పైపుతో వాటిని పోల్చడానికి లేదు.

బ్రేకు లీవర్ గార్డు సంగతి ఇంకా స్పష్టమైన ఉదాహరణ. 2006 జూన్‌లో బార్సిలోనా దగ్గరి కాతలూన్యా సర్క్యూట్‌లో మోటోజీపీ రేసు మొదలైన మొదటి మలుపులోనే సెటె జిబెర్నౌ ముందు బ్రేకు లీవర్ పక్కనున్న లోరిస్ కాపిరోసీ బండికి తగిలింది. లీవర్ దానంతటదే నొక్కుకుపోయి జిబెర్నౌ బండి తలకిందులైంది, వెంట మరికొందరు కూలారు, రేసు ఆపాల్సి వచ్చింది. ఆ తర్వాతి సంవత్సరాల్లో లీవర్ గార్డు తప్పనిసరి అయింది. హ్యాండిల్ చివరినుంచి లీవర్ ముందుకు వంగి ఉండే ఆ చిన్న ముక్క పడినప్పుడు బండిని కాపాడదు. ఒక బండి మరో బండిని తాకినప్పుడు పడకుండా కాపాడుతుంది. రేసు కాకుండా మామూలు రైడర్లు సరదాగా నడిపే ట్రాక్ డేలో అనుభవం లేనివాళ్ళు దగ్గరదగ్గరగా మలుపు తిరుగుతారు కాబట్టి ఈ ముక్క అవసరం అక్కడ రేసులోకన్నా తక్కువేమీ కాదు. మన దగ్గర దీన్ని చాలామంది అలంకారంగా చూస్తారు. ఉండాల్సిన వరసలో ఇది ఇంజిన్ కవర్ల వెంటనే వస్తుంది.

దీనికి వచ్చే అభ్యంతరాలు తేలికైనవి కావు. మొదటిది డబ్బు. రేసు టీములకు ఫెయిరింగులు కొత్తవి వేసుకునే స్తోమత ఉంది, నెలజీతంతో కొన్న ఆర్‌సీ 390నో నింజా 300నో ట్రాక్‌కు తెచ్చుకునే మామూలు మనిషి ప్రతి గీతకూ భయపడాల్సిందే కదా అంటారు. ఆ భయం న్యాయమైనదే. కానీ అదే మనిషి లెక్క ఇంకోలా వేసి చూడాలి. గీత పడిన ఫెయిరింగుతో బండి నడుస్తుంది, చిల్లు పడిన క్లచ్ కవరుతో నడవదు. ఫెయిరింగు మీద అంత ప్రేమ ఉంటే ట్రాక్‌కు అసలు ఫెయిరింగు విప్పి ఇంట్లో పెట్టి, ఫైబర్‌గ్లాస్‌ది బిగించుకోవచ్చు. అది పగిలితే రెసిన్ పూసి అతికించవచ్చు. రెండో అభ్యంతరం, మేం రేసు చేయడం లేదు, సరదాగా ట్రాక్ డేకు వెళ్తున్నాం, రేసు నియమాలు మాకెందుకని. ఆయిల్‌కు ఈ తేడా తెలియదు. పైగా రేసులో పాల్గొనే ప్రతివాడి బండీ స్క్రూటినీరింగ్ (రేసుకు ముందు చేసే బండి తనిఖీ) దాటి వస్తుంది. ట్రాక్ డేలో పక్కనున్న బండి ఏ స్థితిలో ఉందో ఎవరికీ తెలియదు, నైపుణ్యాల్లో తేడాలూ ఎక్కువ, పడేవాళ్ళూ తక్కువేం కాదు. అందుచేత ఆ నియమాల అవసరం అక్కడే ఎక్కువ.

మూడోది హైదరాబాద్ వాళ్ళకు ప్రత్యేకంగా తగిలే, దూరం గురించిన వాదన. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది నిజమే కానీ అది కార్ల కోసం వీధుల్లో వేసి తీసేసిన దారి. ఇక్కడి బండ్లు చాలావరకు చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోని మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌కో, కోయంబత్తూరు దగ్గరి కరి మోటార్ స్పీడ్‌వేకో పోతుంటాయి. ఆరు వందల కిలోమీటర్లకు పైగా బండిని ట్రక్కులో తీసుకువెళ్ళి మొదటి గంటలోనే పడితే ఇంటికి రావాల్సిందేనా, గట్టి గార్డు ఉంటే లేచి మళ్ళీ నడపవచ్చు కదా అంటారు. దూరం నిజం, దానినుంచి తీసిన ముగింపు తలకిందులు. దూరం వెళ్ళేవాడికి కావలసింది పది నిమిషాల్లో మార్చుకోగల చోట విరిగే బండి. విరిగిన లీవరు, ఫుట్‌పెగ్, అరిగిన స్లైడర్, వంగిన బోల్టు, ఇవన్నీ చిన్న సంచిలో పట్టే సామాను. ఒక పెట్టెలో వీటి విడి భాగాలు పెట్టుకుంటే సాయంత్రం దాకా నడపవచ్చు. పగిలిన ఇంజిన్ చెవిని, వంగిన ఫ్రేమును ఏ ప్యాడాక్‌లోనూ బాగుచేయలేరు. విరగవలసినవి విరగడానికి వీలుగా ఉన్నప్పుడే విరగకూడనివి మిగులుతాయి.

ఇక చివరిది, దిగుమతి సామాను తప్ప ఏదీ పనికిరాదనేవాళ్ళ మాట. ఇందులో సగం ఒప్పుకుంటాను. ఇంజిన్ కవరుకు వాడే గాజు పీచు కలిపిన నైలాన్ అచ్చు పోత, ఒక్కో బండి ఇంజిన్ వంపుకు సరిపోయే ఆకారం, లేత్ మీద వచ్చేవి కావు. మీ బండికి అవి దొరికితే కొనండి, ఉన్న డబ్బు ముందు అక్కడ పెట్టండి. దొరకకపోతే కవరు అచ్చు తీసి ఫైబర్‌గ్లాస్‌తోనో కార్బన్‌తోనో పొరలు వేసి చేసే ఎఫ్ఆర్‌పీ పనివాళ్ళను వెతకండి. కానీ గుండ్రని సామాను విషయంలో నాచారం ఎవరికీ తీసిపోదు. యాక్సిల్ బోలుగా ఉన్న బండికి దాని గుండా పోయే కడ్డీ, రెండు చివరలా ప్లాస్టిక్ బొబ్బిన్లు, హ్యాండిల్ చివరి ముక్కలు, ఫుట్‌పెగ్ చివరలు, పొట్టి ఫ్రేమ్ స్లైడర్ ఇవన్నీ మంచి టర్నింగ్ పనివాడికి కష్టమైనవి కావు. నమూనా, సరైన ప్లాస్టిక్ రాడ్డు తీసుకుని వెళ్తే చాలు. లోపం పనితనంలో లేదు, మనమిచ్చే ఆర్డరులో ఉంది. ఇంకొంచెం లావుగా, ఇంకొంచెం పొడవుగా, ప్లాస్టిక్ వద్దు అల్యూమినియంలో చెయ్యి అని అడిగితే పనివాడు అడిగినట్టే చేసి ఇస్తాడు. కొలత తగ్గించి, అంచులన్నీ గుండ్రం చేసి, బోల్టు తలకు లోతైన గాడి పెట్టి, ఇంజిన్ బోల్టుకు కంపెనీ ఇచ్చిన గ్రేడు మార్చకుండా చేయమని అడగాలి. డ్యూక్ లాంటి ఫెయిరింగు లేని బండికి ఇలాంటి పొట్టి స్లైడర్ తప్పక పెట్టుకోవాలనే నేనూ అంటాను. ఇంజిన్ కవర్లు బిగించి, లాక్‌వైరు కట్టి, కూలెంట్ తీసి నీళ్ళు పోసి, లీవర్ గార్డు పెట్టిన తర్వాత.

ఈ వరస తలకిందులవ్వడానికి కొంత బాధ్యత ట్రాక్ డేలు నడిపేవాళ్ళది కూడా. హెల్మెట్, సూటు, గ్లోవ్స్, బూట్లు చూసినంత శ్రద్ధగా బండి కింది భాగం చూడరు. ఇంజిన్ కవర్లు లేని బండిని, తీగ కట్టని డ్రెయిన్ బోల్టును, రేడియేటర్‌లో రంగు కూలెంట్ ఉన్న బండిని, పక్కలకు పైపు చాచిన బండిని స్క్రూటినీలోనే ఆపాలి. కొన్ని నెలలు కచ్చితంగా ఆపితే, నాచారం వీధుల్లో లేత్‌ల ముందు నిలబడి అడిగే సామాను దానంతటదే మారుతుంది.